అక్కడ హిట్టు, ఇక్కడ ఫట్టు: కారణం పట్టుకోవడం ఎలా

డాలస్ రాకముందు నేను ఐదేళ్లు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉన్నాను. శుక్రవారం సాయంత్రమైతే చాలు, ఆఫీసులో ఎవరో ఒకరు అక్కడ పెద్ద పేరున్న గాయకుడు రాబీ విలియమ్స్ పాట ఎత్తుకునేవారు. మిగతావాళ్లు గొంతు కలిపేవారు. ఇక్కడికొచ్చాక కొత్త ఆఫీసులో "నీకు ఏ గాయకుడంటే ఇష్టం?" అని అడిగితే ఆ పేరే చెప్పాను. పక్క సీటావిడ ఆశ్చర్యపోయి "ఆయన పాటలు కూడా పాడేవాడా?" అంది. ఆవిడకి వినపడింది రాబిన్ విలియమ్స్, సినిమా నటుడు.

మన తెలుగువాళ్లు నడుపుకునే చిన్న ఇంటర్నెట్ రేడియోలో ఆదివారం అరగంట నాది. ఈ ముచ్చటే ఓ వారం చెప్పి, "అమెరికావాళ్లకి బ్రిటిష్ యాస ఎక్కదండీ, అందుకే రాబీ ఇక్కడ ఫ్లాప్" అని తేల్చేశాను. వెంటనే ఫోన్ మోగింది. తెనాలి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన రిటైర్డ్ మాస్టారు. "బాగానే చెప్పావమ్మా. మరి బీటిల్స్‌ది ఏ ఊరి యాస?" అన్నారు. వాళ్లూ బ్రిటన్ బృందమే, అమెరికాలో పెద్ద హిట్టే. నాకు నోట మాట రాలేదు. లైవ్‌లో నాలుగు సెకన్లు మాట్లాడకుండా ఉండటం ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుస్తుంది. గబుక్కున ఏదో పాట వేసేశాను.

అప్పటి నుంచి ఒక దేశంలో హిట్టయినది ఇంకో దేశంలో ఎందుకు ఆడలేదో చెప్పాలంటే ఒక పద్ధతి పెట్టుకున్నాను. వచ్చే నెల నుంచి ఈ అరగంట ఇంకో అమ్మాయి చేస్తుంది. ముందు తనకోసమే ఇది రాస్తున్నాను.

మొట్టమొదట, ఫ్లాప్ అన్నది నిజమేనా చూసుకో. చార్టులో అంకె ఒక్కటే చూస్తే బోల్తా పడతావు. అమెరికాలో 1998 డిసెంబరు దాకా ఒక పాటను విడి సింగిల్‌గా షాపులో అమ్మితే తప్ప హాట్ 100 అనే అక్కడి ముఖ్యమైన పాటల జాబితాలోకి రానిచ్చేవారు కాదు. జనం ఆల్బమ్ మొత్తం కొనాలని కంపెనీలు చాలా పాటలకు సింగిల్ వేసేవే కావు. ఆస్ట్రేలియా అమ్మాయి నటాలీ ఇంబ్రూలియా పాడిన 'టార్న్' 1998లో అమెరికా రేడియో చార్టులో 11 వారాలు మొదటి స్థానంలో ఉంది. హాట్ 100లో చూస్తే 42 దాటి పైకి రాలేదు. ఆ 42 చూసి "పాపం, అమెరికాలో ఆడలేదు" అని రాస్తే పరువు పోతుంది.

రాబీ విషయంలో ఆ అనుమానం అక్కర్లేదు. మొదటి రెండు ఆల్బమ్‌ల నుంచి పాటలు ఏరి 1999లో ప్రత్యేకంగా అమెరికా కోసం ఒక ఆల్బమ్ వేశారు. అది 63వ స్థానం దగ్గర ఆగిపోయింది. అదే మనిషి 2003 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని నెబ్‌వర్త్‌లో వరసగా మూడు రాత్రులు పాడితే 3,75,000 మంది వచ్చారు. కాబట్టి ఫ్లాప్ నిజం, హిట్టూ నిజం.

ఇప్పుడు అసలు పని. దోసె సరిగ్గా రాకపోతే పిండి పాడైందో పెనం పాడైందో ఎలా తేలుస్తాం? అదే పిండిని ఇంకో పెనం మీద పోసి చూస్తాం. ఇక్కడా అంతే. పాట అదే ఉండి, ఇంకేదో ఒక్కటి మారిన సందర్భం వెతుకు. అది దొరికేదాకా కారణం చెప్పడానికి తొందరపడకు. నా పద్ధతిలో ముఖ్యమైనది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

మాస్టారు అడిగిన బీటిల్స్ దగ్గరే నాకు మంచి నమూనా దొరికింది. 'షీ లవ్స్ యూ' పాట 1963లో బ్రిటన్‌ను ఊపేసింది. అమెరికాలో, బీటిల్స్ రికార్డులు వేసే కంపెనీకే చెందిన క్యాపిటల్ రికార్డ్స్ దాన్ని మాకొద్దు అంది. చివరికి ఫిలడెల్ఫియాలో స్వాన్ అనే చిన్న కంపెనీ ఆ సెప్టెంబరులో విడుదల చేసింది. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత క్యాపిటల్ మనసు మార్చుకుని, డిసెంబరు 26న బీటిల్స్‌దే ఇంకో పాటను బాగా డబ్బు పోసి ప్రచారంతో దింపింది. 1964 ఫిబ్రవరి 9న ఎడ్ సలివాన్ టీవీ షోలో వాళ్లను దాదాపు 7.3 కోట్ల మంది చూశారు. మార్చికల్లా ఆ పాత 'షీ లవ్స్ యూ', అదే స్వాన్ కంపెనీ రికార్డు, నంబర్ వన్. పాటలో ఒక్క అక్షరం మారలేదు. లివర్‌పూల్ యాస కూడా ఆర్నెల్ల కిందట ఎలా ఉందో అలాగే ఉంది. మారినదల్లా జనం దగ్గరికి పాట వెళ్లే దారి.

పాడేవాళ్లు మారిన కేసు కూడా ఒకటి చెబుతాను. ఇది నాకు భలే ఇష్టం. స్లేడ్ అని ఇంగ్లండ్ నడిమి ప్రాంతపు రాక్ బ్యాండ్. 1971 నుంచి 73 లోపల బ్రిటన్‌లో ఆరు నంబర్ వన్‌లు. వాళ్ల 'కమ్ ఆన్ ఫీల్ ద నాయిజ్' 1973లో రావడం రావడమే ఒకటో స్థానంలోకి వచ్చింది. అమెరికాలో 98. పట్టువదలకుండా 1975లో అక్కడికి మకాం మార్చి ఊరూరా తిరిగి వాయించారు. లాభం లేక ఇంటికొస్తే, ఈలోగా అక్కడ పంక్ అనే కొత్త రకం రాక్ గాలి వీస్తోంది, వీళ్లు పాతబడిపోయారు. రెంటికీ చెడ్డారన్నమాట. అదే పాటను 1983లో లాస్ ఏంజెలెస్ బ్యాండ్ క్వైట్ రయట్ పాడితే అమెరికాలో 5వ స్థానం దాకా వెళ్లింది! అప్పటికి పాటల వీడియోలు వేసే ఎంటీవీ వచ్చి రెండేళ్లయింది. జుట్టు విరబోసుకుని గోల చేసే బ్యాండ్లను ఇంట్లో కూర్చోబెట్టి చూపించే టీవీ అది. ఆ ఊపులో మరుసటి ఏడాది స్లేడ్ సొంత పాట కూడా అక్కడ 20వ స్థానానికి ఎక్కింది. పిండిలో లోపం లేదని ఇంతకన్నా రుజువేముంటుంది?

అందుకే మూడో పని, దారి వెతకడం. ఈ దేశంలో ఈ పాటను ఎవరు అమ్మారు, ఏ రేడియోలో వేశారు, బ్యాండ్ ఎన్ని ఊళ్లు తిరగాల్సి వచ్చింది అని రాసుకో. అప్పట్లో బ్రిటన్‌లో బీబీసీ రేడియో 1 నచ్చుకుని, 'టాప్ ఆఫ్ ద పాప్స్' టీవీ షోలో ఒక్కసారి కనపడితే ఆ రాత్రికే దేశమంతా తెలిసిపోయేది. అమెరికా రేడియో అలా కాదు. కంట్రీకి వేరే స్టేషన్, రాక్‌కి వేరే, ఆర్ అండ్ బీకి వేరే, నడివయసు వాళ్లకి ఇంకోటి. ముందు నీ పాట ఏ గంపలోదో చెప్పాలి. రాబీ ఒక పాటలో రాక్ స్టార్, ఇంకో పాటలో పాతకాలపు సూటు బూటు గాయకుడు, మధ్యలో తన మీద తానే జోకులు. ఏ గంపలో వేస్తారు? పైగా మా టెక్సాస్ ఒక్కటే బ్రిటన్‌కి దాదాపు మూడింతలుంటుంది. లీడ్స్ నుంచి లండన్ వెళ్లి పాడి ఆ రాత్రికే ఇంటికి రావచ్చు. ఇక్కడ డాలస్ నుంచి బయల్దేరితే ఎల్ పాసో చేరేసరికే ఒక పగలు అయిపోతుంది, ఇంకా రాష్ట్రం దాటలేదు.

దారి తర్వాత, వెనక కథ. వెయ్యి ఎపిసోడ్లు నడిచిన సీరియల్‌ని మధ్యలో చూడటం మొదలుపెడితే ఆ అత్తగారు ఎందుకు ఏడుస్తోందో మనకేం తెలుస్తుంది? బ్రిటన్ జనానికి రాబీ అంటే టేక్ దట్ బృందంలో అల్లరి పిల్లాడు, 1995లో దాన్ని వదిలి వచ్చేసినవాడు, రోజూ పేపర్లలో ఉండేవాడు. ప్రతి పాటా వాళ్లకి తర్వాతి ఎపిసోడ్. అమెరికాకు టేక్ దట్ అంటే 'బ్యాక్ ఫర్ గుడ్' ఒక్కటే, 1995లో ఏడో స్థానం దాకా వచ్చింది. రాబీ బయటికొచ్చిందీ ఆ ఏడాదే. ఆ గుంపులో ఇతనెవరో గుర్తుపట్టే టైం కూడా వాళ్లకి దొరకలేదు. 2024లో అతని జీవితం మీద సినిమా వస్తే అమెరికాలో అదీ పడుకుంది. అందులో అతన్ని చింపాంజీగా చూపించారు. అసలు మనిషే తెలియనివాళ్లకి చింపాంజీ ఎవరని తెలుస్తుంది?

ఆ మనిషికి అక్కడ హిట్టు అసలు కావాలా అని కూడా ఒకసారి అడుగు. రాబీ లాస్ ఏంజెలెస్‌లో ఇల్లు పెట్టుకుని, అక్కడ తననెవరూ గుర్తుపట్టకపోవడమే హాయి అని చెప్పుకున్నాడు. అందని ద్రాక్ష అంటావేమో. కొంత అదీ ఉండొచ్చులే.

ఇక జాగ్రత్త పడాల్సింది అందమైన కథల దగ్గర. డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగెజ్ సంగతి చాలామందికి తెలుసు. 1970, 71లలో వేసిన రెండు ఆల్బమ్‌లూ అమెరికాలో అమ్ముడుపోలేదు. దక్షిణాఫ్రికాలో మాత్రం, వర్ణవివక్ష రోజుల్లో, తెల్ల కుర్రాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. ఆయనకి ఆ విషయమే తెలియదు. 1998లో అక్కడికి వెళ్లి పాడాడు. దాని మీద తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ కూడా వచ్చింది. చూస్తే నాకూ కళ్లు చెమర్చాయి. కానీ 1979లోనే ఆయన ఆస్ట్రేలియాలో కచేరీలు చేశాడు, 1981లో మళ్లీ వెళ్లాడు. సినిమా ఆ ముక్క ఎత్తదు. ఎత్తితే "ప్రపంచం మరిచిపోయిన మనిషి" అనే కథ కాస్త పలచబడుతుంది మరి. అందుకే రెండు దేశాల కథ విన్నప్పుడల్లా మూడో దేశంలో ఏమైందో కూడా చూస్తాను.

స్లేడ్, బీటిల్స్ సంగతులన్నీ కూడగట్టుకుని నెల తర్వాత మళ్లీ రేడియోలో చెప్పాను. మాస్టారు ఫోన్ చేస్తారని తెలుసు, చేశారు. "ఒప్పుకున్నానమ్మా. అయితే జర్మనీ బృందం బోనీ ఎం పాట అమెరికాలో 30 దాటలేదు కదా, మా తెనాలి దాకా ఎలా వచ్చింది?" అన్నారు.

ఈసారి జవాబు నా దగ్గరుంది. గుంటూరులో మా మేనమామ హాస్టల్ నుంచి తెచ్చిన క్యాసెట్. కంపెనీది కాదు, ఖాళీ క్యాసెట్ తీసుకెళ్తే షాపువాడు పాటలెక్కించి ఇచ్చినది. బొమ్మ లేదు, పాటల పేర్లు లేవు, బాల్ పెన్నుతో "బోనీ ఎం" అని మాత్రం రాసి ఉండేది. జర్మనీ పాట రేడియో, టీవీ ఏదీ లేకుండా మా ఇంటికొచ్చిన దారి అది.

మాస్టారు పెద్దగా నవ్వారు. "మా అబ్బాయి దగ్గరా ఒకటుండేదమ్మా. దాని మీద షాపువాడు 'బోనీ అమ్మ' అని రాశాడు. మా ఆవిడ చాలాకాలం భక్తి పాటలనుకుంది."