చలికాలం వచ్చేసింది, మీ పాము పొట్ట ఒకసారి తిప్పి చూడండి

డాలస్ వైపు మొదటి చలిగాలి తగిలిందో లేదో, మా తెలుగువాళ్ళ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. బడికెళ్ళే పిల్లాడు పెంచుకుంటున్న బాల్ పైథాన్, అంటే విషం లేని చిన్న జాతి కొండచిలువ. పొట్ట మధ్యలో రెండు వేళ్ళ వెడల్పున గోధుమరంగు మచ్చ, దాని అంచుల్లో పొలుసులు లేచిపోయి తడిగా మెరుస్తున్నాయి. కింద వాళ్ళ నాన్నగారి ప్రశ్న: "కుబుసం విడిచే ముందు ఇలాగే ఉంటుందా అండీ?"

ఉండదు. అది కాలిన పొట్ట. ట్యాంకు అడుగున పెట్టే హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలక) కొన్నారు, ప్లగ్ పెట్టారు, దాని వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ కొనలేదు.

నీళ్ళ గిన్నె, మూతకి గడి, దాక్కోడానికి డబ్బా లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. నాకు తెలిసిన ఇళ్ళలో పాముల్ని ఎక్కువగా పాడుచేసింది ఈ ఒక్క పొరపాటే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. థర్మోస్టాట్ లేకుండా హీట్ మ్యాట్ ప్లగ్ పెట్టకండి. "ఈ ఒక్క రాత్రికి" అని కూడా పెట్టకండి.

మ్యాట్‌కి తనంతట తాను ఆగడం తెలీదు. బాల్ పైథాన్‌కి వెచ్చటి వైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లటి వైపు 76 నుంచి 80 చాలు. అదుపు లేని మ్యాట్ మీద గాజు 110, 120 దాకా పోగలదు. కాలితే పామే జరుగుతుందిలే అనుకుంటాం. జరగదు. ట్యాంకు మిగతా అంతా చల్లగా ఉంటే, వెచ్చగా ఉన్న ఆ ఒక్క చోటే చుట్ట చుట్టుకుని పడుకుంటుంది, కిందనుంచి పొట్ట ఉడుకుతున్నా లేవదు. హీట్ రాక్ అని అమ్మే, కరెంటుతో వేడెక్కే రాళ్ళదీ ఇదే కథ. వాటిని అసలు కొనకండి.

కాలిందా, కుబుసమా?

కుబుసానికి ముందు బాల్ పైథాన్ పొట్ట గులాబీ రంగులోకి తిరగడం మామూలే. కానీ ఆ రంగు పొట్ట పొడుగునా సమంగా ఉంటుంది, కొద్ది రోజుల్లో కళ్ళు కూడా పొగమంచు పట్టినట్టు నీలంగా మారతాయి. కాలిన రంగు ఒక చోటే ఉంటుంది. మొదటిరోజు ఎర్రగా, చిన్న ముడతలతో కనిపించి ఊరుకుంటుంది, అసలు లోతు తర్వాతి రోజుల్లో బయటపడుతుంది. బొబ్బలు, తడి, గోధుమరంగు, ఊడే పొలుసులు అన్నీ అప్పుడే. "నిన్న ఇంత లేదండీ" అని అందరూ అనేది అందుకే.

మ్యాట్ దోషం లేకుండా, అడుగున వేసిన పొట్టు ఎప్పుడూ తడిగా ఉన్నా పొట్ట పొలుసులు పుళ్ళు పడతాయి. అయితే అవి చాలావరకు అక్కడక్కడా చుక్కలుగా మొదలవుతాయి.

కాలితే

ముందు ప్లగ్ తీసేయండి. కాలి ఎక్కువసేపు కాకపోతే ఆ భాగం మీద కాసేపు చల్లటి కుళాయి నీళ్ళు పోయండి. ఐస్ వద్దు. తర్వాత నీళ్ళలో నానబెట్టి ఉంచకండి, పుండు చెడుతుంది. అడుగున పొట్టు, కొబ్బరి పీచు తీసేసి తెల్లటి పేపర్ టవల్స్ పరవండి, తడిసిన ప్రతిసారీ మార్చండి. మ్యాట్ తీశాం కదా అని చలిలో వదిలేయకండి. ఒంట్లో వేడి లేకపోతే పాముకి పుండు మానదు, కాబట్టి గదినే వెచ్చబెట్టండి. అదే రోజు వెట్‌కి (జంతువుల డాక్టరుకి) ఫోన్ చేయండి. పూయాల్సిన మందు, ఇంజెక్షన్లు, నొప్పి తగ్గేవి ఆయన చెప్పాలి. లోతుగా కాలితే మానడానికి నెలలు పడుతుంది, కొన్ని కుబుసాలు విడిచాక గానీ పొట్ట ఒక రూపుకి రాదు.

పసుపు పెట్టకండి. కొబ్బరినూనె, వెన్న, టూత్‌పేస్ట్, ఏదీ పూయకండి. మనుషుల నొప్పి మాత్ర నలిపి ఇవ్వకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎంత ప్రేమగా చెప్పినా సరే.

థర్మోస్టాట్ ఉన్నా సరే

ఇది రెండో సగం, ఎవరూ చెప్పరు. థర్మోస్టాట్‌కి కన్ను దాని ప్రోబ్, అంటే వైరు చివర వేడిని కొలిచే ముక్క. పాము రాత్రంతా తవ్వి ప్రోబ్‌ని పక్కకి తోసేస్తే, అది చల్లటి చోటు కొలిచి "ఇంకా చల్లగానే ఉంది" అని మ్యాట్‌ని పూర్తిగా మండిస్తుంది. నీళ్ళ గిన్నె ఒలికి ప్రోబ్ తడిసినా అంతే. ట్యాంకు బయట, మ్యాట్‌కీ గాజుకీ మధ్య ప్రోబ్‌ని బిగించండి. లోపల టేపుతో మాత్రం అంటించకండి. టేపు పాముకి అతుక్కుంటే పొలుసులతో సహా లేచి వస్తుంది. ఎప్పుడైనా అతుక్కుంటే లాగకండి, వంటనూనె రాసి నెమ్మదిగా జార్చండి.

పక్క గాజుకి అంటించే స్టిక్కర్ థర్మామీటర్‌ని నమ్మకండి. అది గోడని కొలుస్తుంది, పాము పడుకునేది నేల మీద. ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్‌తోనో, దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తోనో పొట్ట ఆనే చోటే కొలవండి, రోజూ. వేడి కోసం ట్యాంకు పైన దీపం (హీట్ ల్యాంప్) పెట్టినవాళ్ళకీ ఇదే మాట: థర్మోస్టాట్, దీపం చుట్టూ జాలీ. లేకపోతే పాము ఎక్కి దాన్నే చుట్టుకుంటుంది.

ఇక చలికాలంలో వచ్చే మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

- బుసకీ, శ్వాస జబ్బుకీ తేడా తెలుసుకోండి. బుస కోపం వచ్చినప్పుడే. ముట్టుకోకపోయినా ప్రతి ఊపిరికీ గురగుర, ముక్కు దగ్గర బుడగలు, నోట్లో తీగలు సాగే చీమిడి, తల పైకెత్తి నోరు తెరిచి ఉండటం: ఇవి జబ్బు. పాము మనలా దగ్గి కఫం బయటికి పంపలేదు. వెట్, వెంటనే. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వద్దు.

- నోట్లో పెరుగు గడ్డల్లాంటి తెల్లటి చీము, చిగుళ్ళ మీద ఎర్రటి చుక్కలు: అదీ వెట్ పనే.

- ఇంటి హీటర్ గాలిని ఎండగొడుతుంది, కుబుసం ముక్కలు ముక్కలుగా అతుక్కుపోతుంది. తడి నాచు వేసిన డబ్బా పెట్టండి. పాముకి కనురెప్ప ఉండదు, కంటిమీద పొర కూడా కుబుసంతో రావాలి. రాకపోతే ట్వీజర్స్‌తో పీకకండి, కన్ను పోతుంది.

- నాగుల చవితికి అమ్మమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంటే ముందే చెప్పండి: పాలు పోయకూడదు. అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకి వస్తుంది. దండం దూరం నుంచి పెట్టుకోవచ్చు.

- ఐదేళ్ళలోపు పిల్లలు, అరవై అయిదు దాటినవాళ్ళు పాముని ముట్టుకోవద్దు. పాముల ఒంటి మీద ఉండే సాల్మొనెల్లా బాక్టీరియా వాళ్ళకి ప్రమాదం. వంటింటి సింకులో ట్యాంకు కడగొద్దు.

- బాల్ పైథాన్ చలికాలంలో వారాల తరబడి తినకపోవడం మామూలు. తినలేదని టెన్షన్ పడేకంటే వారానికోసారి బరువు తూచి రాసుకోండి. బరువు పడిపోతుంటే అప్పుడు కంగారు పడండి.

- తినట్లేదని బతికున్న ఎలుకని రాత్రంతా లోపల వదలకండి. ఎలుకే పాముని కొరుకుతుంది, వీపు ఎముక కనిపించేదాకా.

- ఒంట్లో వేడి లేకుండా తిండి పెట్టకండి. కడుపులోనే కుళ్ళుతుంది, కక్కేస్తుంది. కక్కితే రెండు వారాలు ఏమీ పెట్టొద్దు, తర్వాత చిన్నది పెట్టండి.

- నీళ్ళ గిన్నెలో నల్లటి కదిలే చుక్కలు, ఎప్పుడూ నీళ్ళలోనే పడి ఉండే పాము: ఒంటికి పట్టే పురుగులు (మైట్స్) ఉన్నట్టే. కుక్కలకి కొట్టే స్ప్రే కొట్టకండి.

- కరెంటు పోతే: 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి టెక్సస్‌లో రోజుల తరబడి కరెంటు పోయింది, గుర్తుందిగా. పాముని వెచ్చగా ఉంచడానికి థర్మోకోల్ పెట్టె, దిండు గలీబు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. హ్యాండ్ వార్మర్ పాముకి నేరుగా తగలకూడదు, అదీ కాలుస్తుంది. ఇంట్లో గ్రిల్లు, జనరేటర్ వెలిగించొద్దు, మీరే పోతారు.

- కరెంటు తిరిగొచ్చాక ప్రోబ్ చూడండి. మొదట ప్రోబ్ చూడండి. తర్వాతే మిగతావి.

- రెప్టైల్స్ చూసే వెట్ నంబరు ఈ రోజే వెతికి ఫ్రిజ్ మీద అంటించండి. కుక్కల, పిల్లుల క్లినిక్కులు చాలా చోట్ల పాముని తీసుకోవు. ఆ సంగతి శుక్రవారం సాయంత్రం తెలిస్తే సోమవారం దాకా ఆగాల్సి వస్తుంది.