పొట్ట ఆపరేషన్ ముందు పిల్, నెలసరి తేడాలు: సమస్య - పరిష్కారం

మాది విజయనగరం. రెండో కాన్పు తర్వాత జారిన పొట్టకి టమ్మీ టక్ చేయించుకుందామని విశాఖ వెళ్లాను. ‘మాత్రలేమైనా వాడుతున్నారా’ అంటే ‘ఏం లేవండీ’ అన్నాను. మనకి బీపీ, షుగర్ మాత్రలే మాత్రలు. ఏఎన్ఎం ఇచ్చిన మాలా-ఎన్, అంటే గర్భం రాకుండా వాడే పిల్, రోజూ రాత్రి వేసుకుంటున్నా, అది గుర్తే రాలేదు. ఆపరేషన్ మూడు రోజులుందనగా మత్తు డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది.

సమస్య: పిల్ సంగతి చెప్పగానే డేట్ వాయిదా

కారణం: మాలా-ఎన్‌లో రెండు హార్మోన్లుంటాయి, లెవోనార్జెస్ట్రెల్, ఇథినైల్ ఈస్ట్రడయాల్. రెండోది ఈస్ట్రోజన్ రకం, రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచుతుంది. టమ్మీ టక్ తర్వాత కుట్లు లాగుతాయని నడవడం ఎలాగూ తగ్గిస్తాం. రెండూ కలిసి పిక్కలో గడ్డ కడితే, అది ఊపిరితిత్తికి చేరి ప్రాణం మీదికి రావచ్చు.

చేయాల్సింది: ఎక్కువ రోజులు మంచంలో ఉంచే ఆపరేషన్ అయితే సుమారు 4 వారాల ముందు ఈ పిల్ ఆపమంటారు. చిన్నవాటికి సాధారణంగా అక్కర్లేదు. ఎప్పుడు ఆపాలో సర్జన్, గైనిక్ డాక్టర్ చెప్పాలి, పక్కింటివాళ్లు కాదు. ఆపిన రోజు నుంచే కండోమ్ వాడాలి. నెల రోజులు అజాగ్రత్తగా ఉంటే ఆపరేషన్ ముందు చేసే గర్భం టెస్ట్‌లో రెండు గీతలు కనిపించొచ్చు, మళ్లీ వాయిదా! కాపర్-టిలో హార్మోన్ లేదు, దాన్ని తీయించుకోనక్కర్లేదు. గర్భం రాకుండా వేసే ‘అంతర’ ఇంజెక్షన్‌లో ఈస్ట్రోజన్ ఉండదు గానీ ఒక డోసు 3 నెలలు పనిచేస్తుంది కాబట్టి వేయించుకున్న తేదీ చెప్పండి. పేర్లు గుర్తుండకపోతే స్ట్రిప్పే పట్టుకెళ్లండి.

సమస్య: పిల్ ఆపిన మూడో రోజే బ్లీడింగ్, ఆ తర్వాత నెల దాటినా రాలేదు

కారణం: హార్మోన్ ఒక్కసారిగా తగ్గితే గర్భాశయం లోపలి పొర ఊడిపోతుంది. ఆ తర్వాత అండం విడుదల మళ్లీ గాడిలో పడటానికి కొందరికి కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది.

చేయాల్సింది: రాకపోతే ముందు గర్భం టెస్ట్ చేసుకోవాలి. గంటకో ప్యాడ్ తడుస్తుంటే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎక్కువగా పోతే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. ఆడవాళ్లకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. అది సరిచేశాకే కత్తి పట్టుకోవడం మేలు.

సమస్య: సిరిమానుకి వేసుకున్న మాత్రలు

ఇది మా తోటికోడలి కథ. మా ఊరి పైడితల్లమ్మ పండగలో తొలేళ్ల రోజుకి, మర్నాడు మంగళవారం సిరిమాను ఉత్సవానికి డేట్ అడ్డొస్తుందని మెడికల్ షాపులో పీరియడ్స్ వాయిదా మాత్రలు కొనేసింది. ఆ తర్వాతి వారమే తనకి లైపోసక్షన్, అంటే కొవ్వు తీసే ఆపరేషన్. ‘పండక్కి వేసుకున్నవి కూడా మందులేనేటక్కా?’ అంది. మందులే! ఈ మాత్రల్లో మామూలుగా ఉండేది నోరెథిస్టెరాన్. రోజుకి రెండు మూడు వేసుకునే మోతాదులో అందులో కొంత భాగం ఒంట్లోనే ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. అంటే పిల్ దగ్గరున్న భయమే ఇక్కడా ఉంది. ఆపిన రెండు మూడు రోజులకి పీరియడ్ వస్తుంది, అది సరిగ్గా ఆపరేషన్ రోజునే కూడా పడొచ్చు. అమ్మవారి పండగ తేదీ ముందే తెలుస్తుంది కదా, ఆపరేషన్ డేట్‌ని దానికి దూరంగా పెట్టించుకోవడమే సుఖం. ఇప్పటికే వేసుకునుంటే ఎన్ని, ఎప్పటిదాకా వేసుకున్నారో సర్జన్‌కి చెప్పాలి.

సమస్య: ఆపరేషన్ రోజు పొద్దున్నే పీరియడ్

మామూలు బ్లీడింగ్ అయితే దీనికోసం ఆపరేషన్ ఆపరు. సిగ్గుపడకుండా నర్సుకి చెప్పి ప్యాడ్ పెట్టుకోండి. కడుపునొప్పికి అలవాటుగా మెఫ్తాల్ స్పాస్ మింగకండి. అందులోని మెఫెనమిక్ యాసిడ్ రక్తస్రావం పెంచొచ్చు. పారాసెటమాల్ చాలేమో అడగండి.

సమస్య: ఇంటికొచ్చాక మళ్లీ పిల్ ఎప్పుడు?

మామూలుగా తిరగగలిగాక కనీసం 2 వారాలైనా ఆగమంటారు. ఆ లోపల ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిపెట్టినా చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.