చేత్తో చేసిన పాస్తాను ఆరనివ్వకండి
మంచి ఇటాలియన్ రెస్టారెంట్‌లో చేత్తో చేసిన పాస్తా తెప్పించుకుంటే, పళ్లెం బల్ల మీదికి రాగానే తినడం మొదలుపెట్టండి. గుడ్డు కలిపి చేసిన తాజా పాస్తా మరిగే నీటిలో 2, 3 నిమిషాల్లోనే ఉడుకుతుంది. పళ్లెంలో అలాగే ఉంచితే సాస్‌ను పీల్చుకుని ముద్ద కట్టేస్తుంది. ఫొటోలు తీస్తూ దాన్ని చల్లార్చేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పిండి కలిపి, ఒత్తి, కోయడానికి ఎంత ఓపిక పట్టి ఉంటుందో!

వైన్‌ను సాస్‌ను బట్టి ఎంచుకోండి. రాగూ అనే మాంసం సాస్ కలిపిన తాలియాతెల్లెకు, అంటే రిబ్బన్లలా కోసిన పాస్తాకు, సాంజొవేజె ద్రాక్షతో చేసే క్యాంటీ అనే ఎర్ర వైన్ బాగా కుదురుతుంది. ఆల్చిప్పలు, రొయ్యలు వేసినదైతే వెర్మెంటీనో వంటి తెల్ల వైన్ చెప్పండి. సీసా మొత్తం వద్దనుకుంటే గ్లాసు లెక్కన ఏవి పోస్తారో మొహమాటం లేకుండా అడగండి.