ప్లంబింగ్ పని తేడా కొడితే: కాంట్రాక్టర్‌తో ఫిర్యాదు ఎలా తేల్చుకోవాలి?

బాత్రూమ్ పని అయిపోయింది, బిల్లు కట్టేశాం, హమ్మయ్య అనుకున్నాం. మూడో వారంలో పక్క గదిలో మంచం వెనక గోడ మీద అరచేయంత మచ్చ కనిపించింది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. ఇంకో రెండు రోజులకు అక్కడ రంగు పొక్కులు లేచింది. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే "కొత్త సిమెంటు చెమ్మండీ, అదే ఆరిపోతుంది" అన్నారు. నాకు కోపం వచ్చి గొంతు పెంచాను, ఆయనా తగ్గలేదు. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, నా దగ్గర ఉన్నవి ఒక మచ్చ, ఒక అనుమానం. ఆ రెంటితో ఎవరిని ఏం అడగగలను?

ఆ గొడవ చివరికి తేలింది ఒక రాత్రి వాటర్ మీటర్ దగ్గర తీసుకున్న రెండు రీడింగుల వల్ల. లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ చేసిన పనిలో తేడా వస్తే అడగడానికి దారులు చాలానే ఉంటాయి. ఏది ముందో ఏది తర్వాతో తెలియక చాలామంది మధ్యలోనే విసిగి వదిలేస్తారు. నాకు పనికొచ్చిన వరుస చెబుతాను.

ముందు నీళ్లు ఆపండి

లీకు జోరుగా ఉంటే మెయిన్ వాల్వ్ కట్టేయండి. చెమ్మ స్విచ్ బోర్డు వైపో, సీలింగ్ లైటు వైపో పాకుతుంటే ఆ లైనుకి కరెంటు ఆపించండి. తడి చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. కింద బకెట్ పెట్టడం, సామాను పక్కకి జరపడం మన బాధ్యతే. నష్టం పెరుగుతుంటే చూస్తూ ఊరుకున్నారని రేపు అవతలివాళ్లు వాదిస్తే, రావాల్సిన పరిహారం తగ్గే అవకాశం ఉంది.

ఫొటోలు తీయండి. దూరం నుంచి ఒకటి, దగ్గరగా ఒకటి, మచ్చ పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి. మచ్చ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేయండి. రెండు రోజులకు చెమ్మ ఆ గీత దాటిందంటే అది ఆరుతున్న సిమెంటు కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

అత్యవసరంగా ఏదైనా ముక్క మార్చాల్సి వచ్చినా ముందు ఫొటో తీయండి, తీసిన ముక్కను పారేయకుండా కవర్లో దాచండి. ఇంకో మాట. తొందరపడి వేరేవాళ్ల చేత గోడ పగలగొట్టించకండి. "మీవాళ్ల సుత్తి దెబ్బకే జాయింట్ విరిగింది" అని కాంట్రాక్టర్ అంటే మీ దగ్గర జవాబు ఉండదు.

లీకు ఎక్కడిదో మీరే సగం తేల్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. గోడలో చెమ్మ కనిపించినప్పుడు అది నీళ్లొచ్చే పైపుదా, వాడిన నీళ్లు పోయే డ్రెయిన్ పైపుదా, టైల్స్ సందుల్లోంచి ఇంకుతున్నదా అన్నది ముందు విడదీయాలి. నీళ్లొచ్చే పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి అది రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది. డ్రెయిన్ పైపు వాడినప్పుడే కారుతుంది. టైల్స్ సందులైతే స్నానాలు ఎక్కువైన రోజు చెమ్మ పెరిగి, ఊరెళ్లి వస్తే తగ్గి ఉంటుంది.

మీటర్ ఉన్న ఇంట్లో ఈ పరీక్ష చేయండి. ట్యాపులన్నీ కట్టేయండి. వాషింగ్ మెషీన్, ఫిల్టర్ లాంటివి ఆపేయండి. ట్యాంకు నింపే లైను ఉంటే దాని వాల్వ్ కూడా కట్టేయండి, లేకపోతే మీటర్ దానివల్లే తిరుగుతుంది. చాలా మీటర్ల మీద చిన్న చక్రమో ముక్కోణమో ఉంటుంది. సన్నటి ధార పారినా అది కదులుతుంది. నేను రాత్రి పదకొండుకి టార్చ్ వేసి చూశాను. ఎర్ర చక్రం కాస్త కదిలి, ఆగి, మళ్లీ కదులుతోంది. రీడింగ్ ఫొటో తీసి పడుకున్నాను. పొద్దున ఐదింటికి మళ్లీ ఫొటో తీస్తే, ఆరు గంటల్లో 38 లీటర్లు పోయాయి. ఇంట్లో ఎవరూ ఒక్క ట్యాపూ తిప్పలేదు.

అప్పుడు గీజర్‌కి చన్నీళ్లు వెళ్లే వాల్వ్ కట్టేశాను. చక్రం టక్కున ఆగింది. తెరిస్తే మళ్లీ తిరిగింది. గీజర్ కింద పొడిగానే ఉంది. అంటే తేడా వేడినీళ్ల లైన్లో, గోడ లోపల ఉంది. ఇదంతా వీడియో తీశాను.

మీటర్ లేకుండా ట్యాంకు నుంచి నీళ్లొచ్చే ఇల్లయితే, ట్యాంకు నింపే వాల్వ్ కట్టేసి, రాత్రి నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టి పొద్దున చూసుకోవచ్చు. మర్నాడు రాత్రి ట్యాంకు నుంచి ఇంట్లోకి వచ్చే వాల్వ్ కూడా కట్టేసి అదే పరీక్ష మళ్లీ చేయండి. మొదటి రాత్రి దిగి, రెండో రాత్రి దిగకపోతే ట్యాంకు బాగానే ఉంది, లీకు పైపుల్లో ఉంది.

డ్రెయిన్ మీద అనుమానం ఉంటే సింక్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి. కింద ట్రాప్ (సింక్ కింద ఉండే వంపు పైపు) జాయింట్ల చుట్టూ పొడి టిష్యూ చుట్టి ఉంచితే ఎక్కడ తడిసిందో చటుక్కున తెలిసిపోతుంది. ఫ్లష్ ట్యాంకులో కాస్త ఫుడ్ కలర్ కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాల్వ్ సరిగా మూసుకోవడం లేదన్నమాట.

డ్రెయిన్ నుంచి వాసన వస్తుంటే ట్రాప్‌లో నీళ్లు నిలుస్తున్నాయో లేదో చూడాలి. ఆ వంపులో నిలిచే నీళ్లే మురుగు గాలిని ఆపేది. వదిలినప్పుడు గుడగుడమని చప్పుడొచ్చి ఆ నీళ్లు లాగేసుకుపోతుంటే వెంట్ పైపు (డ్రెయిన్‌లోకి గాలి ఆడనిచ్చే పైపు) సంగతి అడగండి. నీళ్లు నెమ్మదిగా పోతుంటే వాలు అడగండి. సన్నటి డ్రెయిన్ పైపుకి మీటరుకి దాదాపు 2 సెంటీమీటర్ల వాలు ఉండాలన్నది ప్లంబింగ్‌లో అందరూ పాటించే లెక్క.

ఒక్కోసారి అసలు లీకే ఉండదు. తేమ ఎక్కువున్న గదిలో చన్నీళ్ల పైపుకి చెమట పట్టి చుక్కలు రాలుతుంటాయి. గుడ్డతో తుడిచి అరగంట చూడండి. జాయింట్ దగ్గరే కాకుండా పైపు పొడవునా తడి కనిపిస్తే అది చెమటే. దానికి కాంట్రాక్టర్‌ని నిలదీయడం న్యాయం కాదు.

కాగితాలన్నీ ఒకచోట పెట్టండి

కొటేషన్, ఒప్పందం, బిల్లులు, డబ్బు కట్టిన రుజువులు, వాట్సాప్ మెసేజ్‌లు. ఒప్పందంలో రెండు విషయాలు వెతకండి. పనికి గ్యారంటీ ఎన్నాళ్లు? సామాను ఎవరు కొన్నారు? మిక్సర్ ట్యాపు మీరే కొనితెచ్చి ఇస్తే, దాని లోపల వాషర్ పాడైనందుకు తయారీ కంపెనీ వారంటీని అడగాలి. దాన్ని బిగించిన జాయింట్ కారితే కాంట్రాక్టర్‌ని అడగాలి. ఈ రెండూ కలిపేసి అడిగితే ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు, మధ్యలో మీరు తిరుగుతూ ఉంటారు.

లైసెన్సు నంబరు పట్టుకుని, అది పని చేసిన రోజున చెల్లుబాటులో ఉందా, ప్లంబింగ్ పనికి వర్తిస్తుందా అని లైసెన్సు ఇచ్చిన సంస్థ దగ్గర చూసుకోండి. ఆ కాంట్రాక్టర్‌కి ఇన్సూరెన్స్ లేదా బాండ్ (పని చెడితే నష్టం చెల్లించేందుకు ముందే పెట్టిన పూచీ) ఉందేమో కూడా కనుక్కోండి. ఈ సంగతి ఫోన్లో బెదిరింపుగా వాడకండి. మీ ఫైల్లో ఉంటే చాలు.

రాతపూర్వకంగా అడగండి, బాగుచేసే అవకాశం ఆయనకే ముందు ఇవ్వండి

ఇది మంచితనం కోసం మాత్రమే చెప్పడం లేదు. చాలాచోట్ల చట్టం కూడా ఇదే వరుసలో ఆలోచిస్తుంది. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, సరిగా చేయని పనిని మళ్లీ చేయించుకునే హక్కు ముందు వస్తుంది, ధర తగ్గింపు మాట ఆ తర్వాతే. పైగా గోడలో పైపులు ఎటు పోయాయో అందరికంటే బాగా తెలిసింది వేసినవాళ్లకే.

ముందు ఫోన్ చేసి, అదే రోజు ఈమెయిలో ఉత్తరమో పంపండి. "మీ పని చెత్తగా ఉంది" అని రాస్తే అది తిట్టు అవుతుంది, దానికి జవాబుగా ఇంకో తిట్టే వస్తుంది. చూసింది చూసినట్టు రాయండి. నేను పంపింది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. మీరు చేసిన బాత్రూమ్ పని పూర్తయిన మూడో వారంలో పక్క గది గోడకు చెమ్మ వచ్చింది. ట్యాపులన్నీ కట్టేసి చూస్తే ఆరు గంటల్లో మీటర్ 38 లీటర్లు తిరిగింది. గీజర్‌కి వెళ్లే వాల్వ్ కట్టేస్తే ఆగుతోంది. ఫొటోలు, వీడియో జతచేశాను. ప్రస్తుతం ఆ వాల్వ్ కట్టేసి ఉంచాం, గోడ ముట్టుకోలేదు. ఈ నెల పదో తేదీలోపు మీరు స్వయంగా వచ్చి చూడాలి. లీకు సరిచేయడం, అందుకోసం తీసిన టైల్స్ మళ్లీ వేయడం, గోడకు రంగు వేయించడం మీ వైపు నుంచి జరగాలని కోరుతున్నాను. ఏ రోజు వస్తారో రాసి పంపండి."

ఏం జరిగింది, ఎలా తెలిసింది, ఏం కావాలి, ఎప్పటిలోపు. ఈ నాలుగూ ఉంటే ఉత్తరం పొడుగు అక్కర్లేదు. గడువు న్యాయంగా ఉండాలి. నీళ్లు ఆగకుండా పోతుంటే ఒక రోజు, ఆపి ఉంచగలిగితే వారం పది రోజులు.

బాకీ డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంటే మొత్తం బిగబట్టకండి. ఒప్పందం ఏమంటుందో చదివి, పాడైన పనికి సరిపడా మాత్రం ఆపి, ఎందుకు ఆపారో అదే ఉత్తరంలో రాయండి.

ఆయన వచ్చిన రోజు

సుత్తి తీయకముందే మీరు చేసిన పరీక్ష ఆయన చేత మళ్లీ చేయించండి. మా కాంట్రాక్టర్ మీటర్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి, వాల్వ్ తనే కట్టి, తనే తెరిచి చూశారు. మారు మాట్లాడలేదు. రెండు టైల్స్ తీస్తే ఎల్బో, అంటే పైపు మలుపు దగ్గర వేసే ముక్క, బయటపడింది. కోసి తీసిన ముక్కని ఇద్దరం వెలుతురులో పెట్టి చూశాం. పైపు సాకెట్ (పైపు దూర్చే గూడు) అడుగుదాకా వెళ్లలేదు, సగం లోతులోనే ఆగింది. సాల్వెంట్ (పైపులు అతికించే జిగురు) మరక కూడా అక్కడి వరకే ఉంది. సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్ పైపు) సాకెట్ లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది. సాల్వెంట్ రాసి పైపు దూర్చాక పావు మలుపు తిప్పి, కాసేపు గట్టిగా అదిమి పట్టుకోవాలి. వెంటనే వదిలేస్తే పైపు వెనక్కి తన్నుకొస్తుంది. "కుర్రాడు తొందరపడ్డాడండీ" అన్నారాయన. ఆ ఒక్క మాటతో నా కోపం సగం దిగిపోయింది.

రిపేరు అయ్యాక టైల్స్ మూయడానికి తొందరపడనివ్వకండి. సాల్వెంట్ డబ్బా మీద రాసిన సమయం గడిచాక ప్రెజర్ టెస్ట్ అడగండి. లైనుకి ఒత్తిడి చూపే గేజ్ తగిలించి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి ముల్లు దిగుతుందేమో చూడటం రివాజు. ప్లాస్టిక్ పైపుల్లో ఈ టెస్ట్ నీళ్లతోనే చేయాలి. గాలి నింపి చేస్తే పైపు పగిలి ముక్కలు ఎగిరి గాయాలయ్యే ప్రమాదం ఉంది, తయారీదారులే వద్దంటారు. తెరిచిన గోడ, గేజ్ ముల్లు ఫొటోలు తీసుకోండి.

ఏం సరిచేశారు, టైల్స్ ఖర్చు, రంగు ఖర్చు ఎవరిది, కొత్త గ్యారంటీ ఏ రోజు నుంచి అన్నది అర పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయండి. "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం ఇస్తే మాత్రం అప్పుడే సంతకం పెట్టకండి. కొన్ని రోజులు వాడి చూశాక పెడతానని చెప్పండి.

రాకపోతే, ఒప్పుకోకపోతే

గడువు దాటిన మర్నాడే ఇంకో ఉత్తరం పంపండి, ఈసారి అందినట్టు రసీదు వచ్చే పద్ధతిలో. ఆ తర్వాత లైసెన్సు ఉన్న వేరే ప్లంబర్‌ని పిలిపించి, చూసినందుకు ఫీజు ఇచ్చి, లోపం ఏమిటో, కారణం ఏమిటో రాసివ్వమనండి. వీలైతే రిపేరు ఆయనకి ఇవ్వకండి. పని తనకొస్తుందని అలా రాశాడన్న మాట రాకుండా ఉంటుంది.

ఆ నివేదికతో లైసెన్సు ఇచ్చిన సంస్థకి ఫిర్యాదు చేయండి. అలాంటి సంస్థలు సాధారణంగా పని నాణ్యతను విచారిస్తాయి, మధ్యవర్తిత్వం చేస్తాయి, తప్పు తేలితే లైసెన్సు మీద చర్య తీసుకుంటాయి. మీ నష్టం డబ్బు రూపంలో రావాలంటే మాత్రం చాలాచోట్ల బాండ్ క్లెయిమో, ఇన్సూరెన్సో, వినియోగదారుల కమిషనో, చిన్న మొత్తాల కోర్టో దారి అవుతుంది. ఏ తలుపు తట్టినా గడువు ఉంటుంది. భారత్‌లో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కారణం తలెత్తిన రోజు నుంచి 2 ఏళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. అమెరికాలో కాలిఫోర్నియా లైసెన్సు బోర్డుకైతే మామూలుగా 4 ఏళ్లు. మీ దగ్గర ఎంతో మొదటి వారంలోనే కనుక్కోండి.

ఫిర్యాదులో కథంతా వద్దు. తేదీల వారీగా ఒక పేజీ, వెనక రుజువులు వరుసగా ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో రివ్యూ రాయాలని చేతులు లాగుతాయి. విషయం తేలేదాకా ఆగి, ఆ తర్వాత కూడా జరిగింది మాత్రమే రాయండి.

పని సరిగ్గా జరిగితే అది కూడా రాసి పంపండి, ఫిర్యాదు వేసి ఉంటే వెనక్కి తీసుకోండి. నేను రెండు రాత్రులు మళ్లీ మీటర్ చూసి, చక్రం కదలడం లేదని ఖాయం చేసుకున్నాకే ఆయనకి ఆ మెసేజ్ పెట్టాను. రంగు పని మాత్రం గోడ పూర్తిగా ఆరేదాకా, ఇంకో నెలన్నర ఆపించాను. తడి గోడ మీద వేసిన రంగు మళ్లీ పొక్కులు లేస్తుంది, అప్పుడు లీకు పాతదా కొత్తదా అన్న టెన్షన్ ఇద్దరికీ మళ్లీ మొదలవుతుంది.