మీ ఊరి పాత పటం ఏ జిల్లా పేరున ఉంది?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పాత పటాల ఆధారంగా ఊరి చరిత్ర రాయదలచినవారు, పటం గీసిన నాటికి ఆ ఊరు ఏ జిల్లాలో ఉండేదో మొదట తేల్చుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే వరకు శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు గంజాం జిల్లాలోనివి. పాలకొండ, బొబ్బిలి, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనివి. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడ్డాయి కనుక, అంతకు ముందరి పటాలను ఈ జిల్లాల పేర్లతో వెతికితే దొరకవు. ఊరి పేర్ల వర్ణక్రమమూ వేరు: శ్రీకాకుళం ‘చికాకోల్’గా, భీమునిపట్నం ‘బిమ్లిపటం’గా, నాగావళి నది ‘లాంగుల్య’గా కనిపిస్తాయి.

ఊళ్ల పరిశోధనకు అన్నిటికన్నా అక్కరకు వచ్చేది భారత సర్వే సంస్థ వారి అంగుళానికి మైలు కొలత పటం. ఈ వరుసలో విజయనగరం 65 ఎన్/8 షీటులోను, శ్రీకాకుళం 65 ఎన్/15లోను పడతాయి. తరవాత వచ్చిన పాత వరుస 1:50,000 పటాలకూ ఇవే నంబర్లు వర్తిస్తాయి కాబట్టి, రెండు కాలాల షీట్లను పక్కపక్కన పరచుకుని చూడవచ్చు.

మొదట ఒక్క చెరువును తీసుకోండి. గట్టును సూచించే గీత పక్కన 12ఆర్ వంటి చిన్న అంకె ఉంటే, అది చుట్టూ ఉన్న నేల నుంచి గట్టు ఎత్తు; పాత షీట్లలో అడుగులు, కొత్తవాటిలో మీటర్లు. నీలం నింపితే నీళ్లున్న చెరువు, నల్ల గీత మాత్రమే ఉంటే ఎండినది. కొత్త షీటులో అక్కడ ఇళ్లు కనిపిస్తే, రెవెన్యూ గ్రామ పటంలో ఆ సర్వే నంబరు చూసి, అడంగల్‌లో (గ్రామ భూముల లెక్కలో) ‘చెరువు పోరంబోకు’ అని ఉందేమో సరిచూడాలి. తరవాత ఆ చోటికి నడిచి వెళ్లి, గెడ్డ (వాగు) ఎటు పారేదో పెద్దవాళ్లను అడగండి. పటం చేతిలో ఉంటే వాళ్ల జ్ఞాపకం చురుగ్గా కదులుతుంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద సర్వే జరిగిన జమీ గ్రామాల్లో ఈ సర్వే నంబర్లు ఆ తరవాతివే కనుక, జమీ నాటి నేల రూపానికి పాత షీటే ఎక్కువ ఆధారం.

పందొమ్మిదో శతాబ్దపు అట్లాసు షీట్ల రేఖాంశాలను మాత్రం ఉన్నవున్నట్టు నమ్మకూడదు. అవి సుమారు రెండున్నర నిమిషాలు ఎక్కువ చూపుతాయి. అంటే ఈ ప్రాంతంలో నాలుగు కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరుగుతాయి. నేను తొలిసారి ఆ అంకెలనే కంప్యూటరుకు ఇచ్చినప్పుడు కళింగపట్నం సముద్రంలో పడింది. క్యూజీఐఎస్ వంటి ఉచిత పటాల సాఫ్ట్‌వేర్‌లో పాత పటాన్ని నేటి పటం మీద సరిగ్గా కూర్చేటప్పుడు అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం ఆలయాల వంటి కదలని చోట్లను గుర్తులుగా ఎంచుకోవాలి. నది మలుపులు, సముద్రపు ఒడ్డు ఆ పనికి రావు.

ఒక పేరు పటంలో లేనంత మాత్రాన ఆ ఊరు అప్పటికి లేదని రాయకూడదు. చిన్న పేటలను, ‘వలస’ అని పేరున్న పల్లెలను సర్వేయరు వదిలేసి ఉండవచ్చు, లేదా పక్క ఊరి పేరుతోనే కలిపి ఉండవచ్చు. సర్వే చేసిన సంవత్సరమూ, అచ్చయిన సంవత్సరమూ షీటు అంచున విడివిడిగా ఉంటాయి. మీ నోటు పుస్తకంలో సర్వే సంవత్సరాన్నే రాసుకోండి.