తుపానుకి ముందు ఫోను కూడా సర్దాలి

అక్టోబరు వచ్చిందంటే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బియ్యం, టార్చిలైటు, పైకప్పు రేకులు చూసుకుంటాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటాక, జనరేటరున్న ఇంటి అరుగు మీద ఊళ్లో ఫోన్లన్నీ వరసగా ఛార్జింగుకి పెట్టేవాళ్లం. అప్పట్లో నా ఫోనుకి లాకే లేదు. ఇవాళ అందులోనే బ్యాంకుంది మరి.

అందుకే గాలి మొదలవకముందే ఫోనుకి, ఫోన్‌పే లాంటి యాప్‌లకి విడివిడిగా లాకు పెట్టండి. సిమ్ కార్డుకీ పిన్ పెట్టొచ్చు, సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. లేకపోతే పోయిన ఫోనులోని సిమ్ తీసి ఇంకో ఫోనులో వేసుకున్నవాడికే మీ ఓటీపీలు వెళ్తాయి. ఆ పిన్ ఊహించి నొక్కకండి, మూడుసార్లు తప్పితే సిమ్ బిగుసుకుపోతుంది.

నష్టపరిహారం మాట వినపడగానే వాట్సాప్‌లో ‘లబ్ధిదారుల జాబితా’ అని ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) దిగొచ్చు. తెరిచి, అడిగినవాటికల్లా ‘అలౌ’ నొక్కితే మీ మెసేజీలన్నీ అవతలివాడు చదువుతాడు. జాబితా కావాలంటే ఊళ్లోని సచివాలయానికి నడిచి వెళ్లండి.

నాకు అసలు భయం వేలిముద్ర దగ్గరే. ఏటీఎంలు పనిచెయ్యనప్పుడు, ఆధార్ వేలిముద్రతో ఖాతాలోంచి డబ్బు తీసిచ్చే చిన్న మిషను పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు. మా వీధిలో ఒకావిడ వెయ్యి రూపాయలకి వేలు పెట్టింది. ‘పడలేదమ్మా, మరోపాలి ఎయ్యి’ అన్నాడతను. వేసింది. చేతికి వెయ్యే వచ్చింది, ఖాతాలో రెండు వేలు తగ్గింది. రెండోసారి వేలు పెట్టేముందు మొదటిదానికి రసీదు అడగాలి, ‘ఫెయిల్’ అని రాసున్నా సరే. ఆధార్ యాప్‌లో మీ వేలిముద్ర ఎవరూ వాడకుండా ఆపే బయోమెట్రిక్ లాకు ఉంది, కుర్రాళ్లు ఇప్పుడే వేసుకోండి. రేషనుకి, పింఛనుకి వేలిముద్ర వేసే ముసలాళ్లకి మాత్రం అదే తలనొప్పి, ప్రతిసారీ తెరిపించుకోవాలి. వాళ్ల ఖాతాలో తక్కువ డబ్బు ఉంచి, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్లో వేయడమే నాకు తోచిన దారి.

చట్టం లేదా అంటే ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, మన వివరాలు కాపాడని సంస్థకి 250 కోట్ల దాకా జరిమానా అని రాసుంది. అందులో మన చేతికి పైసా రాదనుకోండి.

డబ్బు పోతే గంటల్లోనే సైబరు మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చెయ్యాలి. ఆ నంబరూ, మీ బ్యాంకు నంబరూ గోడ క్యాలెండరు వెనక రాసిపెట్టండి, ఫోను చచ్చిపోయినా కనిపిస్తాయి.

హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న పిల్లలకి ఇంకొక్క మాట. సిగ్నలు లేని రోజుల్లో ‘నాన్నని, ఇది కొత్త నంబరు, ఐదు వేలు పంపు’ అని మెసేజీ వస్తే వెంటనే పంపకండి. ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన ప్రశ్న ఒకటి ముందే అనుకుని ఉంచుకోండి. మాది మా ఆవు గురించి. అంతకుమించి ఇక్కడ చెప్పను.