లారీ మీద కోత యంత్రం: దారిలో గొలుసులు వదులవడానికి కారణాలు, పరిష్కారాలు

ఒక జిల్లాలో కోతలు ముగియగానే యంత్రాలు మరో జిల్లాకు బయలుదేరతాయి. ఆర్మూరులో ఎక్కించిన యంత్రాన్ని నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీదుగా తీసుకెళ్లి నెల్లూరులో దించాలంటే 600 కిలోమీటర్లు దాటుతుంది. చైన్ హార్వెస్టర్ (టైర్లకు బదులు రబ్బరు చైన్ల మీద నడిచే కోత యంత్రం) సుమారు 3 టన్నులు ఉంటుంది. వెనుక గడ్డి కోత యంత్రం తగిలించిన 50 హెచ్‌పీ ట్రాక్టరు 2 టన్నులకు పైనే తూగుతుంది. ఇంత బరువును ఎలా ఎక్కించాలో, గొలుసులు ఎలా వేయాలో ఈ పనిలో ఉన్నవారికి తెలిసిందే కనుక ఆ సంగతుల్లోకి వెళ్లను.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఒకటుంది. బయలుదేరిన 20, 30 కిలోమీటర్లలోపే బండిని పక్కకు ఆపి, యంత్రాన్ని కట్టిన నాలుగు గొలుసులనూ చేత్తో పట్టి చూడాలి. అమెరికాలో సరుకు లారీల డ్రైవర్లు మొదటి 50 మైళ్లలోపే (సుమారు 80 కిలోమీటర్లు) కట్లు తనిఖీ చేయాలని నిబంధన ఉంది. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు ఉన్న మన దారుల్లో అంత దూరం ఆగకుండా వెళ్లడం కూడా ఎక్కువే. ఐదు నిమిషాల ఈ పని మానేసి, ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల టీ కోసం ఆగినప్పుడు గొలుసు వేలాడుతుండడం చూసి, కంగారుగా ఫోన్ చేసేవారే ఎక్కువ. అప్పటికి నాలుగూ అటూ ఇటూ కదిలిపోయి ఉంటాయి కాబట్టి, మొదట ఏది వదులైందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అసలు కారణం దొరికేది మాత్రం ఆ ఒక్క ఆధారంతోనే.

నాలుగు గొలుసులూ సమానంగా వదులయ్యాయి

దీని కారణం దాదాపుగా మట్టే. నల్లరేగడి పొలం నుంచి నేరుగా ఎక్కించిన యంత్రం రబ్బరు చైన్ల కింద తడి మట్టి పెళ్లలు ఉండిపోతాయి. గొలుసులు బిగించేటప్పుడు యంత్రం ఆ పెళ్లల మీద నిలబడి ఉంటుంది. కుదుపులకు అవి నలిగి రాలిపోగానే యంత్రం మొత్తం కిందికి కూర్చుంటుంది. ఎక్కించే ముందు చైన్లను పారతో గీకి, వీలైతే నీళ్లతో కడగాలి. టైర్ల యంత్రమైతే గొలుసును బాడీకి కాకుండా యాక్సిలుకు వేయాలి. బాడీకి వేస్తే బరువుకు, కుదుపుకు టైర్లు అణిగిన ప్రతిసారీ గొలుసు సడలుతుంది.

ఒక జత మాత్రమే వదులవుతోంది, ఎన్నిసార్లు బిగించినా మళ్లీ అంతే

ఎక్కువ మందిని ఏమార్చేది ఇదే. ముందు రెండు గొలుసులు సడలి, వెనుక రెండూ మొదట బిగువుగానే ఉంటే, గొలుసు బిగించే లివర్లు అరిగిపోయాయనుకొని కొత్తవి కొంటారు. కొత్తవి వేసినా గంటలో పరిస్థితి మళ్లీ మొదటికి వస్తుంది. తప్పు లివర్లది కాదు, పైకెత్తి ఉంచిన హెడ్డర్‌ది, అంటే పైరును కోసే ముందు భాగానిది.

ఇంజను ఆపిన తర్వాత పైకెత్తిన హెడ్డర్ బరువును మోసేది సిలిండర్‌లో ఆగి ఉన్న హైడ్రాలిక్ ఆయిల్ ఒక్కటే. ఆ ఆయిల్‌ను ఆపి ఉంచేది కంట్రోల్ వాల్వులోని స్పూలు అనే జారే కడ్డీ. అది అటూ ఇటూ జరగడానికి వీలుగా దాని చుట్టూ కంటికి ఆనని సందును తయారీలోనే ఉంచుతారు, ఆ సందులోంచి ఆయిల్ కొద్దికొద్దిగా ట్యాంకులోకి తిరిగిపోతూ ఉంటుంది. పొలంలో డ్రైవర్ హెడ్డర్ లివర్‌ను మాటిమాటికీ కదుపుతుంటాడు కాబట్టి ఈ దిగుదల అక్కడ ఎవరి దృష్టికీ రాదు. లారీ మీద గంటల తరబడి ఇంజను ఆగి ఉంటుంది. పైగా ప్రతి గుంతలోనూ హెడ్డర్ బరువు ఒక్కసారిగా సిలిండర్ మీద పడి ఆయిల్‌ను మరింత నెడుతుంది. హెడ్డర్ కొంచెం దిగినా చాలు, దాని ఫ్రేముకు వేసిన గొలుసు వదులైపోతుంది. యంత్రం కొత్తదైనంత మాత్రాన దీనికి మినహాయింపు లేదు.

ఇక్కడ గొలుసును మళ్లీ బిగించడం పరిష్కారం కాకపోగా సమస్యను పెంచుతుంది. బిగించిన ప్రతిసారీ గొలుసు హెడ్డర్‌ను కిందికి లాగి ఆయిల్ మీద ఒత్తిడి పెంచుతుంది, ఆయిల్ ఇంకా త్వరగా జారుతుంది. ఈలోగా జరిగే ప్రమాదం మరొకటి ఉంది. ముందు జత సడలిన యంత్రం ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జరుగుతుంది. తర్వాత గట్టిగా బ్రేకు వేయగానే జరిగిన దూరమంతా ముందుకు దూకి వెనుక గొలుసులను ఒక్క ఊపులో గుంజుతుంది. కొక్కేలు తెగేది ఆ క్షణంలోనే.

అనుమానం తీర్చుకోవడం చాలా సులువు. బయలుదేరే ముందు సిలిండర్ నుంచి బయటికి కనిపించే రాడ్డు పొడవును టేపుతో కొలిచి రాసుకొని, మొదటి ఆగుదలలో మళ్లీ కొలవాలి. పొడవు తగ్గితే కారణం తేలినట్లే.

పరిష్కారం ఇలా చేయాలి. యంత్రాన్ని ఎక్కించాక లారీ బెడ్డు మీద రెండు మందపాటి చెక్క దిమ్మెలు పరిచి, హెడ్డర్‌ను పూర్తిగా వాటి మీదికి దించాలి. ఇంజను ఆపి, హెడ్డర్ లివర్‌ను రెండు వైపులా కదిపి మిగిలిన ఒత్తిడిని వదలాలి. ఆ తర్వాతే గొలుసులు వేయాలి, అవి కూడా ఛాసిస్‌కు మాత్రమే వేయాలి. స్థలం చాలక హెడ్డర్‌ను ఎత్తి ఉంచక తప్పకపోతే, మరమ్మతు సమయంలో వాడే హెడ్డర్ లాకును తగిలించి, బరువు దాని మీద ఆనేంత వరకు కిందికి వదలాలి. లాకు ఉన్నా హెడ్డర్‌కు ప్రధానమైన కట్టు వేయకూడదు. పక్కలకు ఊగకుండా ఒక బెల్టు వేస్తే సరిపోతుంది.

ట్రాక్టరుకు తగిలించిన గడ్డి కోత యంత్రం విషయంలోనూ ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ దిగేది లిఫ్టు, వదులయ్యేది వెనుక జత. కోత యంత్రాన్ని బెడ్డు మీద దిమ్మెలపై ఆనించి, గొలుసులను ట్రాక్టరు యాక్సిలుకు వేయాలి.

మిగిలినవి

ట్రాక్టరు వెనుక రెండు చక్రాల ట్రైలర్ తోక ఊపుతుంటే బరువు ఇరుసుకు వెనుక పడిందన్నమాట. యంత్రాన్ని ముందుకు జరిపి, మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా ట్రాక్టరుకు తగిలించే కొక్కెం మీద ఉండేలా చూడాలి. వేగం తగ్గించడం ఊపును దాచిపెడుతుందే తప్ప పోగొట్టదు.

ఒక చక్రం హబ్బు (మధ్య భాగం) మాత్రమే చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆ చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పాలి. గరగరమని శబ్దం వస్తే బేరింగు, బరువుగా తిరిగితే పట్టుకుపోయిన బ్రేకు.

బేలర్‌ను (గడ్డిని కట్టలు కట్టే యంత్రం) తీసుకెళ్లి దించాక, ట్రాక్టరు నుంచి దానికి శక్తిని అందించే పీటీఓ షాఫ్టులో సగమే మిగిలిందంటే రెండో సగం దారిలో జారిపోయిందని అర్థం. బయలుదేరే ముందే షాఫ్టును ఊడదీసి క్యాబిన్‌లో పెట్టుకోవాలి. గొలుసే తెగడం, బెడ్డు కొక్కెం వెల్డింగు విరగడం అరుదు, వాటి కోసం మొదటే వెతకనక్కరలేదు.

దించే చోట ఒక జాగ్రత్త ఉంది. హెడ్డర్ లాకు వేసి తెచ్చినట్లయితే ముందు ఇంజను స్టార్ట్ చేసి, హెడ్డర్‌ను లాకు మీద నుంచి కొద్దిగా పైకెత్తి, ఆ తర్వాతే లాకు తీయాలి. ఆ సమయంలో హెడ్డర్ కింద గాని, ముందు గాని ఎవరూ నిలబడకూడదు.